అనాథాశ్రమం ప్లాన్ ఎవరి కోసం గీస్తారు? ఆమ్‌స్టర్‌డామ్ భవనాల మీద ఒక కేస్ స్టడీ

పిల్లల సంరక్షణ గృహాల ప్లాన్లు గీయడం, పాతబడ్డవాటిని సరిచేయడం నా వృత్తి. కొత్త పని ఒప్పుకున్నప్పుడల్లా మా ఆఫీసులో జూనియర్లకు ముందుగా ఇచ్చే కేసు ఆమ్‌స్టర్‌డామ్‌ది. ఒకే నగరం తన బాధ్యతలో ఉన్న పిల్లల కోసం దాదాపు నాలుగు శతాబ్దాల పాటు కట్టుకుంటూ వచ్చిన ఇళ్ళు అక్కడ వరసగా దొరుకుతాయి. వాటిలో చివరిదాన్ని, అంటే డచ్ ఆర్కిటెక్టు ఆల్డో ఫాన్ ఐక్ రూపొందించగా 1960లో పూర్తయిన అనాథాశ్రమాన్ని, ఆర్కిటెక్చర్ చదివినవాళ్ళెవరూ చూడకుండా ఉండరు. కానీ దాన్ని ఎప్పుడూ ఆకాశం నుంచి తీసిన ఫొటోలోనే చూపిస్తారు. వందల కొద్దీ చిన్న గుమ్మటాలు, మధ్యలో కొన్ని పెద్దవి, అందమైన అల్లిక. నాలుగేళ్ళ పిల్ల కంటి ఎత్తులోంచి గానీ, అర్ధరాత్రి మెలకువ వచ్చిన కుర్రాడు నడిచే దారిలోంచి గానీ చూడటం అరుదు. అంతకుముందు అదే నగరం కట్టిన ఇళ్ళ పక్కన పెట్టి చూడటం ఇంకా అరుదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇలాంటి భవనం ఎవరికి లెక్క చెప్పాలో వాళ్ళ చూపుకు తగ్గట్టే ప్లాన్ తయారవుతుంది. దాత కావచ్చు, పాలకమండలి కావచ్చు, ప్రభుత్వం కావచ్చు, రాత్రి డ్యూటీ చేసే వార్డెన్ కావచ్చు. అందులో ఉండబోయే పిల్లలకు లెక్క చెప్పాలని గట్టిగా ప్రయత్నించిన భవనం 1960లో వచ్చింది. ఆ ప్రయత్నం ఎక్కడిదాకా సాగింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఈ కేసు.

మఠంలోకి మారిన పిల్లలు

ఆమ్‌స్టర్‌డామ్ బుర్గర్‌వేస్‌హౌస్, అంటే పౌరుల అనాథాశ్రమం, 1520 ప్రాంతంలో కాల్వర్‌స్ట్రాట్ వీధిలో మొదలైంది. పౌరసత్వం ఉన్న కుటుంబాల అనాథలకు మాత్రమే అందులో చోటు. తల్లిదండ్రులు పౌరులు కాకపోయినా, పిల్ల ఎవరిదో తెలియకపోయినా ఆ గడప తొక్కే అవకాశం లేదు. 1578లో నగరం ప్రొటెస్టెంట్ల చేతికి వచ్చింది. కాథలిక్ మఠాల ఆస్తులన్నీ నగరపాలన కిందికి వెళ్ళాయి. సెయింట్ లూసీ పేరు మీద ఉన్న సన్యాసినుల మఠం 1580లో అనాథాశ్రమానికి దక్కింది.

మఠం ప్లాన్ పిల్లల సంస్థకు ఎందుకంత సులువుగా సరిపోయిందో ఆలోచించండి. నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆవరణ, వీధి వైపు గోడ, లోపలికి రావడానికి ఒకటో రెండో ద్వారాలు. సన్యాసినుల్ని లోకం నుంచి వేరుచేయడానికి కట్టిన ఏర్పాటుతో పిల్లల్ని లెక్కపెట్టుకోవచ్చు, ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ విడదీయవచ్చు, ద్వారం దగ్గర ఒక్క మనిషిని కూర్చోబెడితే ఎవరు వెళ్ళారో ఎవరు వచ్చారో తెలిసిపోతుంది. ఆడపిల్లలకో ఆవరణ, మగపిల్లలకో ఆవరణ ఏర్పడ్డాయి. ఐరోపాలో పిల్లల సంస్థ అనగానే ఆవరణ చుట్టూ గదుల వరస గుర్తొచ్చేలా స్థిరపడింది. ఇప్పుడు కొత్తగా కట్టేవాటిలోనూ అది కనిపిస్తుంది. అడిగితే గాలి వెలుతురు కోసం అంటారు. ఆ మాటా నిజమే గానీ దాని పుట్టుక మాత్రం అది కాదు.

కాల్వర్‌స్ట్రాట్ వైపు 1581 నాటి రాతి ద్వారం ఇప్పటికీ ఉంది. మీద ఆశ్రమం దుస్తుల్లో ఉన్న పిల్లల శిల్పం, కింద దారిన పోయేవాళ్ళని సాయం అడిగే పద్యం. వీధికి కనిపించేదంతా దాత కోసమే. ఫ్లోరెన్స్‌లో పట్టు వర్తకుల సంఘం డబ్బుతో 1419లో ఆర్కిటెక్టు బ్రూనెలెస్కీ మొదలుపెట్టిన ఇన్నొచెంతి అనాథ శిశువుల ఆశ్రమంలోనూ ఇదే సంగతి. చౌకు వైపు తొమ్మిది కమానుల వసారా ప్రపంచ ప్రసిద్ధం. 1445లో తొలి పసిబిడ్డను అక్కడ వదిలి వెళ్ళాక పిల్లలు పెరిగింది ఆ వసారాలో కాదు, దాని వెనక. ఆర్కిటెక్చర్ చరిత్ర పుస్తకాలు ముఖభాగంతో మొదలుపెట్టి అక్కడే ముగిస్తాయి. వృత్తిలో ఉన్నవాళ్ళం కాస్త వెనక్కి వెళ్ళి పడకల హాలు కొలతలు అడగాలి.

ఆమ్‌స్టర్‌డామ్ ఆశ్రమం పిల్లల దుస్తులు నిలువునా సగం ఎరుపు, సగం నలుపు. అవి నగరం రంగులు. 1919 దాకా ఆ దుస్తులు కొనసాగాయి. పని నేర్చుకోవడానికి ఊళ్ళోకి వెళ్ళిన కుర్రాడు సత్రం ముందు నిలబడితే ఎక్కడివాడో అందరికీ తెలిసిపోవాలి. గోడలు దాటి వచ్చినా సంస్థ వాడి ఒంటిమీదే ఉంటుంది. డిజైన్ గురించి మాట్లాడేటప్పుడు దుస్తుల్ని లెక్కలోకి తీసుకోం. నిజానికి ప్లాన్ చేసే పనిలో సగం అవే చేశాయి.

ఈ పాత భవనంలో నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం మగపిల్లల ఆవరణలోని చెక్క అల్మారాలు. వసారా గోడ పొడవునా చిన్న చిన్న తలుపులు, వరసలు వరసలుగా. వడ్రంగి దగ్గరో ఇంకో చేతిపనివాడి దగ్గరో పని నేర్చుకునే కుర్రాళ్ళు తమ పనిముట్లను వాటిలో పెట్టుకునేవాళ్ళు. తర్వాత ఆ భవనం నగర మ్యూజియం అయింది. 1975లో ప్రారంభమై, 2022లో మరమ్మతుల కోసం మూతపడింది. పాలకమండలి సమావేశపు గదిని, అందులోని నిలువెత్తు చిత్రాల్ని చూడటానికి జనం వెళ్ళేవాళ్ళు. నేనైతే ఆ తలుపుల దగ్గర ఎక్కువసేపు నిలబడేవాణ్ణి. దుస్తులు సంస్థవి, పడక సంస్థది, తినే కంచం సంస్థది. అంత పెద్ద కట్టడంలో ఒక్కొక్క కుర్రాడికి విడిగా కేటాయించిన జాగా ఆ చిన్న చెక్క పెట్టె ఒక్కటే. అదైనా దక్కింది వాడు పనివాడు కాబట్టి, పిల్లవాడు కాబట్టి కాదు. ఆడపిల్లలు లోపలే కుట్టుపని నేర్చుకునేవాళ్ళు.

మిగిలిన పిల్లలు ఎక్కడికి వెళ్ళారు

పౌరుల పిల్లలకు ఈ భవనం ఉంటే, నిరుపేదల పిల్లలకూ వీధుల్లో దొరికిన పసికందులకూ నగరం 1660లలో ప్రిన్సెన్‌ఖ్రాఖ్ట్ కాలువ గట్టున మరో పెద్ద అనాథాశ్రమం కట్టింది. పేదసాయం చూసే అధికారుల కింద అది నడిచేది. ఒకే నగరంలో రెండు తరగతుల అనాథలు! పిల్లల సంస్థల చరిత్ర ఏ దేశానిది చదివినా ఈ విభజన ఏదో రూపంలో ఎదురవుతుంది. ఒకరు దురదృష్టవంతులు, ఇంకొకరు అనుమానితులు. ఇద్దరికీ అన్నం పెడతారు గానీ ఒకే చోట పెట్టరు.

19వ శతాబ్దం మొదట్లో ప్రభుత్వానికి ఖర్చు బరువనిపించింది. యోహానెస్ ఫాన్ డెన్ బాష్ 1818లో పెట్టిన దాతృత్వ సంఘం దేశానికి ఈశాన్యాన, డ్రెంతె ప్రాంతపు బీడు భూముల్లో వ్యవసాయ కాలనీలు నడుపుతోంది. 1820లలో ఆ సంఘం ఫేన్‌హౌజెన్‌లో మూడు బ్రహ్మాండమైన చతురస్రపు భవనాలు లేపింది. నగరాల్లోని అనాథల్ని అక్కడికి తరలించారు. ఆమ్‌స్టర్‌డామ్ పిల్లలూ వెళ్ళారు. కాలువ గట్టు భవనం ఖాళీ అయ్యింది. తర్వాత దాన్ని న్యాయస్థానంగా మార్చారు.

ఫేన్‌హౌజెన్ ప్లాన్ చూస్తే మఠం ఆవరణ మళ్ళీ ప్రత్యక్షమవుతుంది, కాకపోతే దైవం తీసేసి లెక్కలు పెట్టినట్టు ఉంటుంది. భవనం మందం మధ్యలో గోడ. లోపలి ఆవరణ వైపు తెరుచుకునేవి సంస్థలో ఉంచినవాళ్ళ పెద్ద హాళ్ళు. బయట పొలాల వైపు తెరుచుకునేవి పనివాళ్ళ కుటుంబాల ఇళ్ళు. ఒకే కప్పు, ఒకే గోడ. అటువైపు కుటుంబానికి బయటి లోకం కనిపిస్తుంది, ఇటువైపు పిల్లకు ఆవరణ తప్ప ఇంకేమీ కనిపించదు. హాళ్ళలో ఊయల పడకలు వేలాడదీసేవాళ్ళు. పొద్దున్నే వాటిని మడిచి పైకి కట్టేస్తే అదే హాలు భోజనానికీ పనికీ పనికొస్తుంది. చదరపు అడుగుల పొదుపుకు ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు. పడుకునే చోటు పగలు మాయమైపోతుంది. ఒంట్లో బాగాలేని పిల్ల, ఏడుపొచ్చిన పిల్ల పగటిపూట ఎక్కడికి వెళ్ళాలి? ఆ ప్రశ్నకు ప్లాన్‌లో చోటు లేదు.

1859లో కాలనీని రాజ్యం స్వాధీనం చేసుకుంది. రానురాను ఫేన్‌హౌజెన్ జైళ్ళ ఊరైంది. రెండో భవనంలో ఇప్పుడు జైళ్ళ మ్యూజియం ఉంది. 2021లో ఆ కాలనీలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. పిల్లల్ని ఉంచిన ప్లాన్ ఖైదీలకూ సరిపోయిందంటే ఆ ప్లాన్ గురించి నేను వేరే విమర్శ రాయక్కర్లేదు.

1960: గుమ్మటాల కింద

ఇక అసలు భవనానికి వద్దాం. బుర్గర్‌వేస్‌హౌస్ సంస్థ 1950లలోనూ కాల్వర్‌స్ట్రాట్ మఠంలోనే ఉంది. డైరెక్టర్ ఫ్రాన్స్ ఫాన్ మ్యూర్స్ కొత్త ఇల్లు కావాలనుకుని పనిని ఫాన్ ఐక్‌కు అప్పగించాడు. అప్పటికి ఫాన్ ఐక్ పేరు మోసిన భవనాలేవీ కట్టలేదు. చేసిందల్లా ఆటస్థలాలు. నగరపాలక సంస్థ ఉద్యోగిగా 1947లో బెర్టెల్మాన్‌ప్లైన్‌లో మొదలుపెట్టి, యుద్ధంలో కూలిన ఇళ్ళ మధ్య ఖాళీ జాగాల్లో, వీధి మలుపుల్లో వాటిని వేస్తూ పోయాడు. తర్వాతి మూడు దశాబ్దాల్లో వాటి సంఖ్య ఏడొందలు దాటింది. ఇసుక గుంట, చుట్టూ వెడల్పాటి కాంక్రీటు గట్టు, దూకడానికి రాళ్ళు, వేలాడటానికి ఇనుప కమ్మీలు. ఏ వస్తువూ ‘ఇలాగే ఆడు’ అని చెప్పదు. పిల్లల్ని అంతకాలం గమనించిన మనిషికి అనాథాశ్రమం దక్కడం ఈ వృత్తిలో అరుదుగా జరిగే మంచి.

ఒలింపిక్ స్టేడియం దగ్గర, అప్పటి నగరం అంచున జాగా. 125 మంది పిల్లలు, పసికందుల నుంచి ఇరవై ఏళ్ళవాళ్ళ దాకా. వాళ్ళని ఎనిమిది విభాగాలు చేశారు. చిన్నవాళ్ళవి నాలుగు, పదేళ్ళు దాటినవాళ్ళవి నాలుగు. భవనమంతా 3.36 మీటర్ల గడుల్లో సాగుతుంది. ప్రతి గడి మూలలో స్తంభం, మీద దూలాలు, ఆపైన చిన్న కాంక్రీటు గుమ్మటం. అలాంటివి మూడొందలకు పైనే ఉన్నాయి. మూడు గడులు కలిపితే 10.08 మీటర్లు. ఆ కొలతతో విభాగానికొకటి చొప్పున పెద్ద గుమ్మటాలు.

ఈ 3.36 మీటర్ల దగ్గర కాసేపు ఆగాలి. స్తంభాలు, గోడల మందం తీసేస్తే మిగిలేది మూడు మీటర్ల చిల్లర. ఒక మంచం, ఒక బల్ల, ఒక అల్మారా పెట్టి మనిషి తిరగగల చోటు. అంటే ఈ భవనానికి మూలకొలత ఒక పిల్లవాడి గది కొలత. ఫేన్‌హౌజెన్‌లో మూలకొలత హాలుది, ఎంతమంది పడతారన్న లెక్క. ఇక్కడ ఒక్కరితో మొదలుపెట్టి వీధిదాకా పెంచుకుంటూ వెళ్ళారు. మా జూనియర్లకు నేను ఇచ్చే మొదటి అభ్యాసం ఇదే: మీ ప్లాన్‌లో తిరిగి తిరిగి వచ్చే కొలత ఏది, అది ఎవరి ఒంటికి సరిపోతుంది?

రెండో సంగతి గడపలు. బయటి వీధి నుంచి తలుపు తెరిచి ఒక్కసారిగా లోపల పడటం ఇక్కడ జరగదు. ముందు ఒక ముంగిలి వస్తుంది. అక్కడినుంచి భవనం లోపలి వీధి. దాని గోడలు బయటి గోడల్లాగే గరుకైన ఇటుకవి, దీపాలు వీధి దీపాల్లాంటివి. పైన కప్పు ఉన్నా కాలికీ చేతికీ ఇంకా బయటే ఉన్నట్టు తెలుస్తుంది. ఆ వీధి మీదికి ఒక్కో విభాగానికి ఒక్కో గుమ్మం. లోపలికి అడుగుపెట్టాకే గోడ నున్నగా, తెల్లగా మారుతుంది. విభాగాలు నిటారు వరసలో కాకుండా ఏటవాలుగా మెట్లుమెట్లుగా జరుగుతూ పోతాయి కాబట్టి ప్రతిదానికీ తనదైన ఆరుబయలు దొరికింది. పొడుగాటి నడవాకు అటూ ఇటూ నంబర్లేసిన తలుపులున్న భవనంలో పెరిగిన పిల్లవాడికి ‘మా ఇల్లు’ అని వేలు పెట్టి చూపించడానికి ఏమీ ఉండదు. ఇక్కడ ఉంది. గుమ్మం ముందు కాసేపు లోపలా బయటా కాకుండా నిలబడే హక్కు కూడా ఉంది. సంరక్షణలోకి కొత్తగా వచ్చిన పిల్లలతో పనిచేసిన ఎవరినైనా అడగండి, ఆ నిలబడే చోటు ఎంత అవసరమో చెబుతారు.

చిన్నపిల్లల విభాగాల్లో ఆటస్థలాల అనుభవమంతా లోపలికి వచ్చేసింది. గుండ్రంగా దిగే గుంటలు, కూర్చోవడానికి వీలైన గట్లు, కాంక్రీటులో పొదిగిన బుల్లి అద్దాలు. ఆ అద్దాలు పెద్దల కంటికి అందే ఎత్తులో లేవు. దాతను నిలబెట్టి చూపిస్తే ఆయనకు కనిపించేవి కావు. నాలుగు శతాబ్దాల ముఖద్వారాల తర్వాత, వంగితే తప్ప పెద్దలకు కనిపించని అలంకారం వచ్చింది!

గడపలు ఎక్కువైన చోటు

ఇక ప్లాన్‌కు అవతలి వైపు చూద్దాం. దీన్ని పొగిడేవాళ్ళు సాధారణంగా ఇక్కడిదాకా రారు.

విభాగాలను వయసును బట్టి, పదేళ్ళు దాటాక ఆడా మగా తేడాను బట్టి పెట్టారు. చిన్నవాళ్ళకు రెండేళ్ళ దాకా ఒకటి, నాలుగు దాకా ఒకటి, ఆరు దాకా ఒకటి, పది దాకా ఒకటి. తర్వాత పద్నాలుగు దాకా, ఇరవై దాకా, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరుగా. లెక్క కట్టండి. పసికందుగా వచ్చి అక్కడే పెరిగే పిల్ల రెండో ఏట, నాలుగో ఏట, ఆరో ఏట, పదో ఏట, పద్నాలుగో ఏట ఇల్లు మారాలి. ఆ భవనం అంత శ్రద్ధగా కట్టిన ‘మా గుమ్మం’ అయిదుసార్లు చేతులు మారుతుంది. దానితోపాటు పొద్దున లేపే మనిషీ మారుతుంది. ఎనిమిదేళ్ళ తమ్ముడూ పన్నెండేళ్ళ అక్కా ఒకే కప్పు కింద ఉంటారు, ఒకే ఇంట్లో ఉండరు.

ఫాన్ ఐక్ ఈ వర్గీకరణను కనిపెట్టలేదు, అది సంస్థలకు తరాలుగా అలవాటైన పద్ధతి. ఆయన దాన్ని తీసుకుని ఒక్కో వయసుకు తగిన ఇల్లు అద్భుతంగా కట్టాడు. ఎంత బాగా కట్టాడంటే, ఆ విభజన అసలు అవసరమా అని అడగాలన్న ఆలోచనే రానంతగా. చెడ్డ ప్రోగ్రామ్ (భవనంలో ఎవరు, ఎలా ఉండాలన్న ఏర్పాటు) చేతికొస్తే మంచి ఆర్కిటెక్టు చేయగల అపకారం ఇదేనని నా అభిప్రాయం. రెండేళ్ళ పిల్ల ఎత్తుకు అమర్చిన గట్టు ఆరేళ్ళ పిల్లకు పనికిరాదు. భవనం వయసుల్ని కాంక్రీటులో పోసేసింది.

దీనికంటే పెద్ద చిక్కు భవనం బయట ఉంది. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బోల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదిక 1951లో వచ్చింది. పసివయసులో ఒక మనిషితో తెగని, ఆప్యాయమైన అనుబంధం ఉండటం పిల్లల మానసిక ఆరోగ్యానికి తప్పనిసరి అని దాని సారాంశం. బ్రిటన్‌లో ఇల్లు లేని పిల్లల సంరక్షణను పరిశీలించిన కర్టిస్ కమిటీ 1946లోనే పెంపుడు కుటుంబాలకు మొదటి స్థానం ఇచ్చింది. అది కుదరకపోతే పన్నెండు మందికి మించని చిన్న ఇళ్ళు, ఎనిమిది మందే అయితే మరీ మేలు అంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 125 మందిని ఎనిమిదితో భాగిస్తే విభాగానికి పదిహేను, పదహారు మంది. అంటే ఈ భవనానికి పునాదులు తవ్వేనాటికే దాని వెనక ఉన్న ఆలోచన మీద ప్రశ్నలు లేచి ఉన్నాయి. 

అనాథాశ్రమం అనే పేరు కూడా అప్పటికి అతకడం లేదు. నెదర్లాండ్స్‌లో 1901 నాటి బాలల చట్టాలు తల్లిదండ్రుల అధికారాన్ని కోర్టు తీసేసే వీలు కల్పించాయి. ఆ చట్టాలు 1905లో అమల్లోకి వచ్చాయి. అప్పటినుంచి సంస్థల్లో తల్లీతండ్రీ బతికే ఉన్న పిల్లలు పెరుగుతూ పోయారు. ఈ మార్పు ప్లాన్‌ను తలకిందులు చేయాలి. ఆదివారం అమ్మ చూడటానికి వస్తే ఎక్కడ కూర్చోవాలి? అందరి ముందూ హాల్లోనా, ఆఫీసు గదిలో అధికారి ఎదుటా? ఏ ప్లాన్ చేతికొచ్చినా నేను ముందు వెతికేది ఆ కుర్చీనే. చాలా ప్లాన్లలో అది ఉండదు.

ఆ తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. పిల్లల సంరక్షణ పద్ధతులు మారి 1980ల నాటికి భవనం తన పని కోల్పోయింది. ఆ దశకం మధ్యలో కొంత కూల్చే ప్రతిపాదన వచ్చింది. డచ్ ఆర్కిటెక్టు హెర్మన్ హెర్ట్స్‌బెర్గర్ తదితరులు అంతర్జాతీయంగా గొంతెత్తడంతో ఆగింది. 1990లో బెర్లాగె ఇన్‌స్టిట్యూట్ అనే ఆర్కిటెక్చర్ విద్యాసంస్థ అక్కడ మొదలైంది. 2014లో జాతీయ స్మారకంగా గుర్తించారు. ఆర్కిటెక్టు వెసెల్ డి యాంగ్ చేసిన పునరుద్ధరణ తర్వాత ఇప్పుడు అందులో ఆఫీసులున్నాయి. ఒక పిల్లవాడికి సరిపోయే గడి ఒక ఉద్యోగి బల్లకూ సరిపోయింది. ఫేన్‌హౌజెన్ జైలుగా మారడంతో పోలిస్తే ఇది గౌరవంగానే ఉంది.

నా పనిలోకి ఏం వచ్చింది

ఈ కేసును నేను ఒక ప్రత్యక్ష పనికి వాడిన తీరు చెప్పి ముగిస్తాను. ఊరూ పేరూ అక్కర్లేదు. పొడుగాటి డార్మిటరీ, రెండు వైపులా మంచాల వరసలు, ఒక కొసన టాయిలెట్లు, ఇంకో కొసన వార్డెన్ గది. లైటు స్విచ్చులు హాలు బయట, నడవాలో. పిల్లల సామాన్లన్నీ ఒకే స్టోరు గదిలో, తాళం వార్డెన్ దగ్గర. ఆడపిల్లల గృహం. సాంక్షన్ అయిన డబ్బు రంగులకూ ఫ్లోరింగుకూ. మేం రంగులు మానేసి హాలును విడగొడదామన్నాం.

కొలతలకు ఫాన్ ఐక్ గడిని యథాతథంగా దించలేదు, ఆ హాలు వెడల్పు ఒప్పుకోలేదు. నలుగురు పట్టే గూళ్ళుగా విడదీశాం. మధ్య గోడలు కప్పుదాకా వెళ్ళవు, తలెత్తి నిలబడితే కనిపించనంత ఎత్తు చాలు, పైనుంచి గాలి ఆడుతుంది. ప్రతి గూటికీ నడవా వైపు ఒక చిన్న అరుగు. మంచం దగ్గరే చేతికందే స్విచ్చు. తలగడ వైపు గోడ పక్కన తాళం పడే అల్మారా, తాళం చెవి పిల్ల దగ్గర, రెండోది ఆఫీసులో సీలు వేసిన కవర్లో. పాత ఆశ్రమం ఆవరణలోని చెక్క తలుపులే నా మనసులో ఉన్నాయి. ఈసారి పనిముట్లు ఉన్నా లేకపోయినా దక్కేలా.

గట్టి అభ్యంతరం వార్డెన్ నుంచే వచ్చింది. “సార్, ఇన్ని మూలలు పెడితే రాత్రి ఒక్కదాన్నే ఎలా చూసుకోను? ఎవరు ఎవరిని ఏడిపిస్తున్నారో నాకెలా తెలుస్తుంది?” అంది. కొట్టిపారేయాల్సిన మాట కాదది. సంస్థల్లో పిల్లల మీద జరిగే అఘాయిత్యాలు చాలావరకు ఎవరి కంటా పడని చోట్లలోనే జరుగుతాయి, పెద్ద పిల్లలు చిన్నవాళ్ళని హింసించేది కూడా అక్కడే. అంతా కనిపించే హాలులో పిల్లకు చాటు లేదు, ఏమీ కనిపించని గదిలో రక్షణ లేదు. ఫాన్ ఐక్‌ను పొగుడుతూ మూలలు, గూళ్ళు, మడతలు పెంచుకుంటూ పోయే ఆర్కిటెక్టులు ఒక రాత్రి డ్యూటీ చేసి చూడాలి.

కూర్చుని తేల్చుకున్నది ఇది. గూళ్ళలో మంచాలు కనిపించకపోయినా ప్రతి గూటి గుమ్మమూ నడవాలోంచి కనిపించాలి. ఎవరు ఏ గూట్లోకి వెళ్ళారో తెలియాలి, లోపల దుప్పటి కప్పుకుని ఏడుస్తోందా పుస్తకం చదువుతోందా అన్నది తెలియక్కర్లేదు. వార్డెన్ గదిని కొస నుంచి తీసి నడవా మధ్యకు తెచ్చాం. టాయిలెట్లను రెండుగా విడదీసి, దారిలో రాత్రంతా వెలిగే చిన్న దీపాలు పెట్టించాం. వార్డెన్ గదికీ నడవాకూ మధ్య అద్దం కిటికీ ఉంది. దానికి ఆమె తెర అడిగింది. ఆమె కూడా అక్కడే పడుకుంటుంది కదా, ఇచ్చాం.

గూళ్ళ కేటాయింపు వయసును బట్టి ఉంటుందని పాలకవర్గం అనుకుంది. నేను ఆ ఒక్కచోట పట్టుబట్టాను. అక్కచెల్లెళ్ళు ఒకే గూట్లో ఉండాలి, పుట్టినరోజు వచ్చిందని ఎవరినీ గూడు మార్చకూడదు. 2009లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు కూడా తోబుట్టువులను తగిన కారణం లేకుండా విడదీయవద్దంటాయి, మూడేళ్ళలోపు పిల్లల్ని కుటుంబ వాతావరణంలోనే ఉంచాలంటాయి. ఆ కాగితం చూపించాక ఒప్పుకున్నారు. ఫర్నిచర్ అందుకే గోడలకు బిగించలేదు. మంచం ఎత్తు మారుతుంది, అల్మారా అరలు పైకీ కిందికీ జరుగుతాయి. ఆరేళ్ళ పిల్ల పదిహేనేళ్ళ దాకా అదే గూట్లో ఉండాలంటే గూడే ఆమెతోపాటు పెరగాలి.

అమ్మానాన్నలు వచ్చి కూర్చునే గది మాత్రం ఈ దఫా డబ్బుల్లో రాలేదు. ముఖద్వారం పక్కన స్టోరు గది ఇప్పుడు ఖాళీ అయింది, సామాన్లు పిల్లల దగ్గరికే వెళ్ళిపోయాయి కాబట్టి. దానికి ఒక కిటికీ తెరిస్తే సరిపోతుంది. డ్రాయింగ్ వేసి ఇచ్చాను.